నా పేరున్న ఊరిని చూపించిన ఆంటీ

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం షర్లీ ఆంటీ ఫోన్ చేసింది. సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా బ్లాకు పక్కన కాఫీ కొట్టు నడిపే చైనీస్ పెద్దావిడ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా, "స్టాన్లీ, టీచర్ గాన్ ఆల్‌రెడీ" అంది. టీచర్ అంటే మా పన్నెండో అంతస్తు తెలుగు ఆంటీ. భోంచేసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో అట్లాసు పెట్టుకుని అలాగే వెళ్ళిపోయారట. ఎనభై ఆరేళ్ళు. కావాలని అడిగి తెచ్చుకున్నట్టుంది ఆ చావు.

ఏడవడానికి సిద్ధపడే పైకి వెళ్ళాను. వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూడగానే నవ్వొచ్చింది. మా బ్లాకులోకి ఈ మధ్య కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లు వరసగా రాసుకున్నారు. ఒక్కో పేరు పక్కన ఒక్కో ప్రశ్నార్థకం. అంటే ఆ మనిషిని ఇంకా పట్టుకోలేదు, పేరు ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంకా తేల్చలేదు అని అర్థం. ఏడుగురు మిగిలిపోయారు. పాపం, ఆ ఏడుగురికీ ఏం తప్పిపోయిందో వాళ్ళకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను లిఫ్టుల కంపెనీలో సర్వీసు ఇంజనీర్ని. పదకొండేళ్ళ కిందట, ఇంకా వుడ్‌ల్యాండ్స్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటున్న రోజుల్లో, ఈ బ్లాకు లిఫ్టు ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఆగిపోయిందని పిలుపొచ్చింది. లోపల ఒక ముసలావిడ ఇరుక్కున్నారు. భయపడతారని, మాకు నేర్పిన ప్రకారం తలుపు దగ్గర నిలబడి ఇంగ్లీషులో, "కంగారు పడకండి మేడమ్, నా పేరు స్టాన్లీ, పది నిమిషాల్లో తీసేస్తాను" అన్నాను.

"విచ్ స్టాన్లీ?" అని వినిపించింది లోపల్నుంచి.

"లిఫ్టు కంపెనీ స్టాన్లీ, మేడమ్."

"అది కాదు. డర్బీషైర్ స్టాన్లీనా? డరమ్ స్టాన్లీనా? యార్క్‌షైర్‌లో కూడా ఒకటుంది" అని ఇంగ్లీషులోనే అడిగారు.

నాకు తల తిరిగింది. చేతిలో పాన పట్టుకుని, ఎవరూ వినరులే అనుకుని, "ఎవరో తిక్క మనిషిలా ఉందే" అని తెలుగులో గొణుక్కున్నాను.

"తిక్కదాన్నే బాబూ. ముందు తలుపు తియ్యి, తరవాత తీరిగ్గా తిట్టుకుందూగాని" అన్నారు లోపల్నుంచి, చక్కటి తెలుగులో.

తలుపు తీశాక బయటికొచ్చి, చీర సర్దుకుని, నన్ను కింద నుంచి పైదాకా చూశారు. నా ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ మాత్రం నలభై నిమిషాలు లిఫ్టులో కాదు, పెళ్ళిలో కూర్చుని వచ్చినంత హుషారుగా ఉన్నారు.

"తెలుగోడివేటి? తెలుగోడికి స్టాన్లీ ఏటి? ఎవులు పెట్టినారు?" అని అడిగి, జవాబు చెప్పేలోపే, "మకాన్ అయిందా? కాలేదు కదూ. రా, ఇంత తినీసి ఎల్దూగాని" అన్నారు. మకాన్ అంటే మలయ్‌లో తిండి. ఆవిడ తెలుగులో ఆ మాట, చారులో ఇంగువలా కలిసిపోయి ఉండేది.

ఆవిడ అమ్మ చిన్నప్పుడే శ్రీకాకుళం వైపు నుంచి అప్పటి మలయాలోని రబ్బరు తోటలకు వచ్చిందట. ఆంటీ ఆ తోటలోనే పుట్టి, పెళ్ళయి సింగపూర్ వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా బడిలో భూగోళం చెప్పారు. "నా తెలుగు మా అమ్మ వంటింట్లో నేర్చుకున్నది బాబూ. దానికి బడీ లేదు, బెత్తమూ లేదు" అనేవారు. పిల్లలు లేరు. అంకుల్ ఎప్పుడో పోయారు. ఇంట్లో మూడు అట్లాసులు, పేర్ల పుట్టుపూర్వోత్తరాల పుస్తకాలు ఒక బీరువా నిండా.

ఆవిడకు ఒక పిచ్చి ఉండేది. బ్లాకులోకి ఎవరొచ్చినా పేరడిగి, ఆ పేరు ఏ నేల మీద పుట్టిందో పట్టుకునేదాకా వదిలేవారు కాదు. "పేరంటే ముందు ఒక చోటు. ఎవుడో అక్కడ కాలు పెట్టినాడు, ఏదో అని పిలిచినాడు. మిగతాదంతా తరవాతొచ్చిన కత" అనేవారు. ఇంగ్లీషు పేర్లంటే మరీ ఇష్టం, ఎందుకంటే చాలావాటికి అట్లాసులో చోటుంది. పేరు చివర 'లీ' వచ్చిందంటే ఆవిడకు పండగే. పాత ఇంగ్లీషులో లీ అంటే అడవి కొట్టి చదును చేసిన నేల. "మా అమ్మ దాన్ని పోడు అనేది" అని చెప్పి, ఆ రోజు నుంచి మమ్మల్నందరినీ తెలుగులోకి దించేశారు. షర్లీ ఆంటీ వెలుగుపోడు. ఏడో అంతస్తులో ఉండే బ్రాడ్లీ వెడల్పుపోడు. నేను రాతిపోడు. షర్లీ ఆంటీ ఆ మాట నేర్చుకుని, కాఫీ ఇచ్చేటప్పుడు "రాటిపోడు, లెస్ షుగర్ ఆ?" అని అడిగేది.

అన్నీ ఆవిడకు తెలుసని కాదు. బుకిట్ బటోక్‌లో బుకిట్ అంటే కొండ. ఆ బటోక్ గురించి, రెండో అంతస్తులో ఉండే మలయ్ పెద్దాయనతో ఆవిడకు ఏళ్ళ తరబడి తగాదా. కొండలో రాయి పేల్చే చప్పుడు దగ్గులా ఉండేదని, బటోక్ అంటే దగ్గని ఆయన. కాదు, కొబ్బరికాయల కొండ అని ఈవిడ. ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని, ఒకరి బిస్కెట్లు ఒకరు తింటూ పోట్లాడుకునేవారు. ఒకసారి స్టాన్లీల్లోనే రెండు ఊళ్ళను కలిపేసి నాకు తప్పు చెప్పారు. నేను లైబ్రరీలో చూసి ఆ మాట అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు జంతికల డబ్బా వచ్చింది. మూత మీద చీటీ. నువ్వు చెప్పిందే నిజం, షర్లీకి చెప్పకు, అని ఇంగ్లీషులో.

ఇక నా సంగతి చెప్పాలి. నా పేరంటే నాకు చచ్చేంత చిరాకుగా ఉండేది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరు. ఇంటిపేరు కారుమంచి. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. పేరు మాత్రం స్టాన్లీ. ఇక్కడ తెలుగువాళ్ళ వినాయక చవితికి వెళ్తే, పరిచయం కాగానే, "స్టాన్లీనా? అసలు పేరేంటండీ?" అనేవారు. ఇదే అసలు పేరంటే, అయ్యో అన్నట్టు చూసి, ప్రసాదం పెట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆగేవారు. చర్చికి వెళ్ళే మిత్రులేమో ప్రతి క్రిస్మస్‌కీ ప్రేమగా పిలిచి, "పాట ఎత్తుకో బ్రదర్" అనేవారు. నాకు ఒక్క పాట కూడా రాదు. ఆఫీసులో ఈమెయిల్ చూసి ఎవరో తెల్లాయన వస్తాడనుకునేవారు, తీరా నేను వెళ్ళేవాణ్ణి. రెంటికీ చెడ్డ రేవడి నా బతుకు.

పెళ్ళయింది, అదే బ్లాకులో ఆరో అంతస్తులో కాపురం పెట్టాం, ఇక్కడి పౌరసత్వం వచ్చింది. నా భార్యకు నెలలు నిండుతున్నప్పుడు గట్టిగా నిర్ణయించుకున్నాను. బిడ్డ పుట్టేలోపు పేరు మార్చుకోవాలి. బర్త్ సర్టిఫికెట్టులో తండ్రి పేరు శ్రీచరణ్ అని ఉండాలి. నా బిడ్డను ఎవరూ "మీ నాన్న అసలు పేరేంటి?" అని అడగకూడదు. లాయరు కాగితాలన్నీ తయారు చేశాడు. సంతకం పెట్టడానికి గురువారం రమ్మన్నాడు. కాన్పుకని మా అమ్మా నాన్నా అప్పటికే వచ్చి ఉన్నారు. వాళ్ళకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. ఆ పేరు పెట్టింది నాన్నే.

ఆంటీకి చెప్పాను. తిడతారనుకున్నాను.

"పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంది ఆంటీ నా సంగతి. పేరు చూస్తే దొర, మనిషిని చూస్తే మెట్ట రైతు కొడుకు" అన్నాను.

"దిబ్బయినా ఊరే కదేటి" అన్నారు. "మార్చుకో. నానేటీ అడ్డుపడను. కానీ ముందు అదేటో తెలుసుకుని మార్చుకో. తెలీకుండా పారేసినోడికి ఏటి పారేసినాడో ఎప్పటికీ తెలీదు."

అట్లాసు తీసి ఇంగ్లండు పేజీ తిప్పారు. ఆవిడ వేలు అక్కడొకటి, ఇక్కడొకటి చూపిస్తూ పోయింది. స్టాన్లీ అంటే రాళ్ళున్న పోడు. ఎక్కడ రాతినేల సాగుచేస్తే అక్కడ ఒక స్టాన్లీ పుట్టింది. ఆ ఊరివాళ్ళు వేరే ఊరు వెళ్తే, ఆ ఊరి పేరే వాళ్ళ ఇంటిపేరయింది. ఆ ఇంటివాళ్ళలో కొందరు పెద్ద ప్రభువులయ్యారు. వాళ్ళ మీద గౌరవంతో జనం పిల్లలకు ఆ ఇంటిపేరే పేరుగా పెట్టుకోవడం మొదలెట్టారు. మళ్ళీ ఒక ప్రభువు పేరు మీద హాంకాంగ్‌లో ఒక ఊరే స్టాన్లీ అయింది. "సూసినావా, ఊరు మనిషయింది, మనిషి మళ్ళీ ఊరయినాడు" అని మురిసిపోయారు, ఆ స్టాన్లీలన్నీ స్వయంగా కన్నట్టు.

"ఎంతైనా పరాయిదే గదాంటీ. ఆ ఊరి మొహం నేనెప్పుడన్నా చూశానా?"

"కారుమంచి సూసినావా?"

"లేదు. మా ముత్తాత నాడే ఆ ఊర్నుంచి వచ్చేశారంట."

"సూడని కారుమంచి నీది. సూడని స్టాన్లీ పరాయిది. అదేటి లెక్క?"

అయినా మొండివాణ్ణి కదా, గురువారం వెళ్ళి తీరతానన్నాను. ఆవిడ తల ఊపి, "సరే. బుధవారం మీ అమ్మానాన్నల్ని మకాన్‌కి తీసుకురా" అన్నారు.

ఆ బుధవారం వాళ్ళిద్దర్నీ పైకి తీసుకెళ్ళాను. ఆవిడ నోరు జారితే నాన్న ముఖం ఎలా మారుతుందోనని తింటున్నంతసేపూ ఆవిడ నోటివైపే చూశాను. ఆవిడేమో చేపల పులుసు వడ్డిస్తూ, నెమ్మదిగా నాన్నను అడిగారు. "తమ్ముడూ, ఈ గుంటడికి స్టాన్లీ అని ఎందుకు పెట్టినావు?"

నాన్న చేయి ఆగింది. "ఏం చెప్పమంటావ్ అక్కా. మూడు రోజులు నొప్పులు పడింది ఈమె. మిషన్ ఆసుపత్రికి బండి మీద తీసకపోయా. అక్కడ స్టాన్లీ డాక్టరుగారని మన తెలుగాయనే. ఇద్దర్నీ బతికించి చేతిలో పెట్టాడు. నాకు ఇంకో పేరు తోస్తదా? మా కులపోళ్ళు నవ్వారు, గుళ్ళో పంతులు నవ్వాడు. నవ్వనియ్యిలే అనుకున్నా."

నాకు ఈ కథ తెలుసు. కానీ వాళ్ళు నవ్వారన్న సంగతి ఆ రోజే తెలిసింది. నేను పడ్డదంతా నాన్న నాకంటే ముందే పడ్డాడు.

ఆంటీ మాట మార్చారు. "మీ చేను ఎలాటిది?"

"చేనా అది, రాళ్ళకుప్ప" అని మా అమ్మ అందుకుంది.

నాన్న నవ్వాడు. "నిజమే అక్కా. వాన పడంగానే రాళ్ళు తేల్తయ్యి. ఏరి గట్టు మీద వేస్తాం. మళ్ళా ఏడు మళ్ళా అన్నే. మా తాత ఏరాడు, మా నాయన ఏరాడు, వీడూ సెలవులొస్తే ఏరేవోడు. గట్టు ఇప్పుడు నా నడుమెత్తు ఉంటది. కందులు మాత్రం బాగా పండుతయ్యి."

ఆంటీ లేచి చేయి కడుక్కుని అట్లాసు తెచ్చారు. పులుసు గిన్నె పక్కకు జరిపి, పేజీ తెరిచి, ఆ పేరుకు అర్థం చెప్పారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఆవిడ వేలు పెట్టిన చుక్కను చాలాసేపు చూశాడు.

"అంటే ఆ ఇంగిలీసోళ్ళు గూడా రాళ్ళు ఏరారన్నమాట" అన్నాడు.

"ఏరకపోతే ఆ పేరెలాగొస్తాది తమ్ముడూ."

"పాపం" అన్నాడు నాన్న. "వాళ్ళకీ నడుం నొప్పులే." నా వైపు తిరిగి, "డాక్టరుగారి పేరు పెట్టాననుకున్నా గదరా. మన చేను పేరు పెట్టానా ఏంది నీకు" అని పకపకా నవ్వాడు. అమ్మ నవ్వింది, ఆంటీ నవ్వారు. నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. సిగ్గేసింది, సంతోషమేసింది, రెండూ ఒక్కసారే వచ్చాయి, ఏది ముందో చెప్పలేను. మర్నాడు లాయరుకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను.

ఆంటీ ఆ కాగితాల మాట నాన్న దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. గురువారం సాయంత్రం బెంచీ దగ్గర కనిపిస్తే, "ఈ రోజు ఎక్కడికైనా ఎల్లినావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. "మంచిది, ఎండగా ఉంది" అన్నారు.

ఆ ఆదివారం మా నలుగుర్నీ ట్రైన్ ఎక్కించి ఊళ్ళోకి తీసుకెళ్ళారు. చైనాటౌన్ దగ్గర స్టాన్లీ స్ట్రీట్ అని ఒక చిన్న వీధి ఉంది. ఇటు నుంచి అటు నడిస్తే నిమిషం పట్టదు. నాన్నను బోర్డు కింద నిలబెట్టి ఫోటో తీయించారు. నాన్న తలపాగా సరిచేసుకుని, "మా చేనుకి ఇంత పెద్ద ఊళ్ళో బోర్డు పెట్టారే. గట్టు ఏదబ్బా?" అన్నాడు. దగ్గర్లో తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో ఆంటీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పడేసి చోటు పట్టారు. దాన్ని ఇక్కడ చోప్ చెయ్యడం అంటారు. ప్యాకెట్టు పెట్టిన బల్ల దగ్గరికి ఎవరూ రాకపోవడం చూసి మా నాన్నకు ఈ దేశం మీద అపారమైన గౌరవం కలిగింది. ఊరెళ్ళాక బస్సు సీట్లో టిష్యూ పెట్టి చూశాడట. దాంతో చెమట తుడుచుకుని ఎవరో దర్జాగా కూర్చున్నారట.

తర్వాత పది రోజులకు పాప పుట్టింది. సర్టిఫికెట్టుకు పూర్తి పేరు ఇవ్వాలి. పాపకు ఇంటిపేరు ఏది రాయాలని ఆంటీని అడిగాను. ఇక్కడి పద్ధతిలో చాలామంది భారతీయులు తండ్రి పేరునే పిల్లల పేరు చివర పెడతారు. మనమేమో ఇంటిపేరు ముందు రాస్తాం.

"రెండూ రాయి" అన్నారు. "ముందు మీ ఇంటిపేరు, ఎనకాల నీ పేరు. స్టాన్లీ ముందు ఊరు. తరవాత ఇంటిపేరు. తరవాత మనిషి పేరయి మీ నాన్న దగ్గరికొచ్చింది. ఇప్పుడు నీ కూతురి దగ్గర మళ్ళీ ఇంటిపేరయి కూకుంటాది. తిరిగి తిరిగి ఇంటికొచ్చినట్టు. ఆ గుంట రెండూళ్ళు మోస్తాది, మొయ్యనీ. ఆడపిల్లలు గట్టోళ్ళు."

అలా మా పాప కారుమంచి నీలిమ స్టాన్లీ అయింది. ఇప్పుడెవరైనా "అసలు పేరేంటండీ?" అంటే నాకు కోపం రాదు. కూర్చోబెట్టి, రాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్తాను. తప్పించుకోవడానికి వాళ్ళే దారి వెతుక్కుంటారు.

ఆంటీ పోయిన మర్నాడు బ్లాకు కింద ఖాళీ జాగాలో ఆవిణ్ణి పడుకోబెట్టారు. చుట్టూ కుర్చీలు వేశారు. ఆవిడ పాఠం చెప్పిన పిల్లలు వచ్చారు, వాళ్ళ తలలూ నెరిసిపోయాయి. షర్లీ ఆంటీ కొట్టు మూసేసి, వచ్చినవాళ్ళందరికీ కాఫీ పోసింది. ఏడుపు తక్కువ, ఆవిడ ఎవరెవరికి ఏ ఊరు అంటగట్టారో చెప్పుకుని నవ్వుకోవడం ఎక్కువ. ఆంటీ మేనకోడలు బల్ల మీద ఒక పుస్తకం పెట్టింది, వచ్చినవాళ్ళు పేరు రాయడానికి.

నీలిమకు ఆరేళ్ళు. నేను రాయబోతుంటే నా చేతిలో పెన్ను లాక్కుంది. "ఐ వాంట్ టు రైట్ మైసెల్ఫ్, డాడీ." కుర్చీ ఎక్కి, నాలుక బయటపెట్టి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం గీయడం మొదలుపెట్టింది. దానికి అక్షరాలు చిన్నగా రాయడం ఇంకా రాదు. కారుమంచి సగం గీత తినేసింది. నీలిమ మిగతా సగం తినేసింది. గీత అయిపోయింది. వెనక నిలబడ్డ పెద్దాయన పెన్ను కోసం చేయి చాచారు. నా వెనకే ఇంకో పది మంది ఉన్నారు.

"చాల్లే తల్లీ, ఇక ఇచ్చెయ్యి" అన్నాను.

"కెనాట్ లా. స్టాన్లీ నాట్ యెట్" అంది.

కింది గీత మీద ఎడమ చేయి అడ్డంగా పెట్టింది, అక్కడ ఇంకెవరూ రాయకుండా. పెద్దాయన చేయి వెనక్కు తీసుకున్నారు. నా కూతురు నా పేరులో మొదటి అక్షరం రాసి, బాగా రాలేదని కొట్టేసి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. అందరం నిలబడి ఎదురుచూశాం.